దినమునకు వంతులు

పెన్నా కాలువల క్రింద సేద్యము చేసినవారికి, ముఖ్యముగా ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు ప్రాంతములలో సముద్రపు గాలి సోకెడు చివరి భూములను నమ్ముకొని బ్రదికినవారికి, వంతు అను మాటకు అర్థము చెప్పనక్కరలేదు. 1855లో నెల్లూరు ఆనకట్టయు, 1886లో సంగము ఆనకట్టయు ముగిసిన పిమ్మట ఈ డెల్టాకు నీరు నిలకడగా వచ్చినది గాని, నీరు వచ్చినంత మాత్రమున పొలము తడియదనియు, అది ఎవరి చేనికి ఏ వేళ ఎంతసేపు పారవలయునో నిర్ణయమైన నాడే కాలువ చివరనున్న రైతునకు పంట దక్కుననియు ఇచ్చటివారు అనుభవముచే నెఱిగిరి. నీరు తక్కువైన యేడు మడవలన్నియు ఒక్కసారి తెఱచినచో అందఱికిని కొంత కొంత అందునని తోచును, నిజమునకట్లు జరుగదు. పలుచబడిన ధార ఎండిన పిల్లకాలువలలోనే ఇంకిపోవును. మొదటి చేలు బురదయగును, చివరి చేలు బీటలు వాఱును. ఆ హేతువుచేతనే వంతు పుట్టినది. నీ వంతు సాగునంతసేపు ఆ పిల్లకాలువ యంతయు నీదే. అది ముగిసినంతనే మడవ కట్టి ప్రక్కచేనికి విడువవలయును.

మనుష్యుడు తన పగటిని వ్యయించు తీరును గూర్చి ఆలోచించినపుడెల్ల నాకీ మడవయే జ్ఞప్తికి వచ్చును. నేడు నెల్లూరి వీధులలో మేడగదిలో కూర్చుండియే చెన్నపట్టణపు కంపెనీకో బెంగుళూరు కంపెనీకో పనిచేయు యువతీయువకులు ఎందఱో కలరు. ఉదయము తొమ్మిదింటికి ల్యాప్‌టాప్ తెఱచి, ముఖ్యమైన నివేదిక యొకటి వ్రాయ మొదలిడి, నాలుగు వాక్యములైనను పూర్తికాకముందే ఫోను మ్రోగుటయు, దానికి బదులు చెప్పునంతలో వాట్సాప్ సందేశములు పదివచ్చి పడుటయు, వానిని చూచి తల యెత్తునప్పటికి మీటింగు వేళ యగుటయు నిత్యకృత్యము. సాయంకాలమునకు ఒడలు అలసిపోవును, నివేదిక మాత్రము ఆ నాలుగు వాక్యములకడనే నిలిచియుండును. మడవలన్నియు తెఱచిన కాలువ యనగా ఇదియే. సోఫీ లెరాయ్ అను పరిశోధకురాలు 2009లో ప్రకటించిన వ్యాసమున ఈ దుఃస్థితికి కారణము వివరించినది: ఒక పనిని అసంపూర్ణముగా విడిచి మఱియొక పనికి మరలినపుడు మనస్సులో కొంతభాగము వెనుకటి పనియందే చిక్కుకొనియుండును, అందుచే రెండవపని చెడును. ఈ సంగతి మన రైతునకు క్రొత్తది కాదు. నీటిని దారి మార్చిన ప్రతిసారియు, ఎండిన కాలువ తన వాటా తాను త్రాగిన పిదపనే చుక్క చేనికి చేరునని వాడెఱుగును. గంటకు పదిసార్లు దారి మార్చువాని నీరంతయు కాలువకే చెల్లును.

దినమును ముందుగానే భాగించుకొని, ఒక్కొక్క భాగమునకు ఒక్కొక్క పనిని అప్పగించి, ఆ వేళ ఆ పని తప్ప మఱియొకటి ముట్టకుండుటను నేటివారు టైమ్ బ్లాకింగ్ అని పిలుచుచున్నారు. పేరు క్రొత్తది, పద్ధతి జాములు, ఘడియలు లెక్కించిన కాలమునాటిది. కౌటిల్యుడు తన అర్థశాస్త్రమున రాజునకు పగటిని ఎనిమిది భాగములుగను, రాత్రిని ఎనిమిది భాగములుగను విభజించి, మొదట ఆయవ్యయములు వినుట, పిదప పౌరజానపదుల కార్యములు చూచుట, అటుపిమ్మట స్నానభోజన స్వాధ్యాయములు అని వరుస యేర్పఱచి, వెంటనే ఒక సడలింపును జతచేసెను: తన శక్తికి తగినట్లుగా రాజు ఈ భాగములను మార్చుకొనవచ్చును. అంతటి కఠినుడైన శాస్త్రకారుడు ఈ వాక్యమును విడువక చెప్పుట నాకు మిక్కిలి గౌరవము గొల్పును.

ఈ విషయమున నెల్లూరి తీరమునకు స్వంతమైన సాక్ష్యమొకటి కలదు. నెల్లూరికి సమీపమున, పెన్న యొడ్డున పల్లిపాడు గ్రామమున, దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల వెంకటకృష్ణయ్యగార్ల పూనికచే వెలసిన పినాకినీ సత్యాగ్రహాశ్రమమును 1921 ఏప్రిల్ 7వ తేదీన గాంధీమహాత్ముడు స్వయముగా వచ్చి ప్రారంభించెను. సబర్మతియే ఈ యాశ్రమమునకు ఆదర్శము. ఆ సబర్మతి ఆశ్రమ నియమావళితోపాటు 1928లో ప్రకటితమైన దినచర్యను చూచిన ప్రతిసారియు నేను ఆశ్చర్యపడుదును. వేకువ నాలుగింటికి మేలుకొలుపు, నాలుగుంబావుకు ప్రార్థన, ఏడు మొదలు పదిన్నర వఱకు శరీరశ్రమ, విద్య, పారిశుద్ధ్యము, భోజనానంతరము పండ్రెండింటి వఱకు విశ్రాంతి, పిమ్మట నాలుగున్నర వఱకు మరల శ్రమ, రాత్రి తొమ్మిదింటికి నిద్రగంట. ఇంతవఱకు మనము ఊహించినదే. కాని సాయంకాలమునుండి నిద్రగంట వఱకు గల కాలమున మూడు వేర్వేరు వేళలు వినోదమునకే కేటాయింపబడియున్నవి! సత్యాగ్రహమునకు జీవితములను ధారవోసినవారు, నిమిషమైనను వ్యర్థపుచ్చరాదను గురువు కడ నున్నవారు, వినోదమును కూడ పనులతో సమానముగా పట్టికలో వ్రాసికొనిరి. ఏలయన, వంతు లేని చేనికి నీరు ఎన్నటికిని రాదు. విశ్రాంతికి వంతు వ్రాయనివానికి విశ్రాంతి దక్కదు. ఇక పట్టిక చివరనున్న గమనిక: అవసరమైనపుడెల్ల ఈ వేళలు మార్చబడవచ్చును. కౌటిల్యుని వాక్యమే మరల!

నేనును ఒకప్పుడు అర్ధగంటకొక గడి చొప్పున దినమంతయు నింపి చూచితిని. పదకొండింటికి ఎవరో బంధువు వచ్చుటతో ఆ కట్టడమంతయు కూలెను. కూలినది గదా యని మిగిలిన దినమును గూడ వదలివేసితిని. తప్పు బంధువుది కాదు, నా పట్టికలో ఖాళీ లేకుండుటది. ఇప్పుడు నేను వ్రాసికొనునవి మూడే వంతులు: తెల్లవారిన పిదప రెండు గంటలు వ్రాతకు, పగటిపూట ఒక గంట ఉత్తరములకును ఫోనులకును, సాయంకాలము ఒక గంట చదువునకు. మిగిలినది పొంగునకు విడిచిన కలుజు వంటిది. ఈ యేర్పాటు నన్ను చాలవఱకు కాపాడినది. కావుననే దీనిని ఇతరులకు చెప్పుటకు సాహసించుచున్నాను.

గడియకు గడి తప్పనీయని పని ఒకటున్నది, అదియు ఈ తీరముననే. ఒకనాటి నెల్లూరు జిల్లాలోనిదైన శ్రీహరికోటలో 2019 జూలై 15 వేకువ 2.51కి చంద్రయాన్-2 బయలుదేరవలసియుండగా, ఇరువది గంటల కౌంట్‌డౌన్ దాదాపు ముగియవచ్చి, ఇంక 56 నిమిషముల 24 సెకండ్లు మిగిలియుండగా, సాంకేతిక దోషము కనబడి ఆపివేసిరి. దేశమంతయు మేలుకొని చూచుచుండినను ఆపిరి. ఏడు దినములకు, జూలై 22 మధ్యాహ్నము 2.43కి, అది నింగి కెగసెను. సెకండ్ల లెక్కతో బ్రదుకువారికిని, వేళలు మార్చబడవచ్చునను ఆ ఆశ్రమపు గమనిక వర్తించుచున్నదని ఆనాడు నేను గ్రహించితిని.

ఇక వంతులలోకెల్ల పెద్దది సముద్రమునది. ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు, 61 దినములు, తూర్పుతీరమున మరపడవలును ఇంజను పడవలును వేటకు పోరాదు. చేపలు గ్రుడ్లుపెట్టి పిల్లలు చేయు కాలమది. ఆ దినములలో మైపాడు వంటి తీరగ్రామములకు పోయి చూడుడు. పడవలు ఇసుకపైకి ఈడ్వబడి యుండును; ఇంజన్లు విప్పబడి యుండును; తాటాకు పందిళ్ల నీడలో వలలు మోకాళ్లపై పఱచుకొని చిరుగులు కుట్టుకొనువారు కనబడుదురు. గంగపుత్రులకు అది సుఖకాలమని నేననను. ఆదాయము లేని రెండు నెలలు ఏ యింటికైనను భారమే, ప్రభుత్వమిచ్చు భృతి ఆ భారమును కొంతమాత్రమే తగ్గించును. అయినను వేటనాడు కుట్టుటకు తీరిక యుండదని వారెఱుగుదురు. పోయిన జూన్ మొదటి వారమున అట్లు వల కుట్టుచుండిన యొక పెద్దాయన ప్రక్కన కూర్చుండి, మరల వేటకెన్నడు పోవుదురని అడిగితిని. ఆయన సూది ఆపలేదు.

"పద్నాలుగు దాటనీండయ్యా. అప్పటికి ఈ వల కుట్టడం అయిపోవాల."

సూదిలోని దారమయిపోగా, ప్రక్కనున్న పిల్లవాడు క్రొత్త దారమెక్కించి అందించెను.