డిగ్రీ తర్వాత ప్రసార రంగం: సూరత్ తెలుగు యువత ముందున్న దారులు

సూరత్‌లోని లింబాయత్, ఉధ్నా ప్రాంతాల తెలుగు కుటుంబాల్లో డిగ్రీ చివరి సంవత్సరం ఒక పెద్ద ప్రశ్నను వెంట తెస్తుంది. బీకాం పూర్తి చేసినవారికి వస్త్ర వ్యాపారుల వద్ద లెక్కలు చూసే ఉద్యోగం, బీఎస్సీ చదివినవారికి అద్దకం మిల్లుల్లోనో వజ్రాలు సానబట్టే సంస్థల్లోనో పని దొరకడం అంత కష్టం కాదు. నెల తిరిగేసరికి జీతం చేతికి వస్తుంది. ఆ దారిని కాదని రేడియో, టెలివిజన్, డిజిటల్ వార్తా సంస్థల వైపు వెళ్లాలనుకునే యువతీ యువకులకు ఇంట్లో మొదట ఎదురయ్యే మాట ఒక్కటే: "అందులో బతుకుదెరువు ఉంటుందా?"

ఈ ప్రశ్నను కొట్టిపారేయడానికి వీల్లేదు. సాంచాలపై పగలూ రాత్రీ పనిచేసి పిల్లలను చదివించిన తల్లిదండ్రులు అడిగే ప్రశ్న అది. ప్రసార రంగంలో ఏయే పనులు ఉన్నాయి, వాటిలోకి ఎలా ప్రవేశించాలి, ఏది స్థిరం, ఏది అస్థిరం అన్న వివరాలు తెలిస్తేనే దానికి సరైన సమాధానం చెప్పగలరు.

రెండు భాషల పెట్టుబడి

కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి మరమగ్గాల పని కోసం సూరత్‌కు తరలివెళ్లిన పద్మశాలి కుటుంబాలు అక్కడి తెలుగు సమాజానికి వెన్నెముక. నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా మాధ్యమాలతో పాటు తెలుగు మాధ్యమంలోనూ ప్రాథమిక పాఠశాలలు నడుపుతోంది. అయితే కళాశాల స్థాయికి వచ్చేసరికి చదువు ప్రధానంగా గుజరాతీ, ఇంగ్లిష్ భాషల్లోకి మారుతుంది. ఫలితంగా ఇంట్లో తెలుగు, వీధిలో గుజరాతీ, బజారులో హిందీ, పరీక్షలో ఇంగ్లిష్ అన్నట్లుగా నాలుగు భాషల మధ్య ఒక తరం పెరుగుతోంది.

ఇతర ఉద్యోగాల్లో దీనికి ప్రత్యేకమైన విలువ ఉండకపోవచ్చు. వార్తా రంగంలో మాత్రం ఇది పెట్టుబడి. గుజరాతీలో విన్న విషయాన్ని తెలుగులో చెప్పగలిగినవారు, తెలుగు కథనాన్ని గుజరాతీ పాఠకుడికి అందించగలిగినవారు చాలా తక్కువ. పైగా ఈ రెండు భాషల వార్తా సంస్థల మధ్య ఉన్న బంధం పైకి కనిపించేదానికన్నా పాతది.

హైదరాబాద్, గుజరాత్ మధ్య వార్తా వారధి

1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు దేశంలో ఉపగ్రహ విద్యా టెలివిజన్ ప్రయోగం సాగింది. 'సైట్' అనే పేరుతో ప్రసిద్ధమైన ఈ ప్రయోగం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు కార్యక్రమాలు అందాయి. అందులో నాటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ప్రసార భాషల్లో తెలుగు ఒకటి. ఆ ప్రయోగానికి ఇస్రో కేంద్రంగా నిలిచిన నగరం అహ్మదాబాద్. అదే కాలంలో గుజరాత్‌లోని ఖేడా జిల్లాలో గ్రామీణ టెలివిజన్ ప్రాజెక్టు మొదలైంది.

తర్వాతి దశలో ఈ బంధం దిశ మారింది. 1995లో తెలుగులో ప్రారంభమైన ఈటీవీ, 2002లో గుజరాతీ ఛానల్‌ను కూడా తెచ్చింది. గుజరాతీ వార్తలు హైదరాబాద్ శివారులోని రామోజీ ఫిల్మ్ సిటీలో తయారయ్యేవి. ఆ ఛానల్ ఆ తర్వాత యాజమాన్యం మారి కలర్స్ గుజరాతీ అయింది. 2004లో హైదరాబాద్ నుంచి మొదలైన టీవీ9 కూడా తదనంతరం గుజరాతీలోకి విస్తరించింది. బీబీసీ తెలుగు, బీబీసీ గుజరాతీ సేవలు 2017 అక్టోబరు 2న ఒకే రోజు ప్రారంభమయ్యాయి. 2019లో వచ్చిన ఈటీవీ భారత్ డిజిటల్ వేదికలోనూ తెలుగు, గుజరాతీ రెండూ ఉన్నాయి. కాబట్టి ఈ రెండు భాషలూ తెలిసిన పట్టభద్రుడు ఉద్యోగం వెతుక్కునేటప్పుడు సూరత్, అహ్మదాబాద్ నగరాలతో పాటు హైదరాబాద్‌ను కూడా లెక్కలోకి తీసుకోవచ్చు.

బులెటిన్ వెనుక ఎవరెవరు

ప్రసార రంగం అనగానే చాలామందికి గుర్తొచ్చేది మైకు ముందు వినిపించే గొంతు, తెరపై కనిపించే ముఖం. వాస్తవానికి అది గొలుసులో చివరి కొక్కెం మాత్రమే. విలేకరి సమాచారం సేకరిస్తాడు. డెస్క్‌లోని ఉపసంపాదకుడు దానిని సరిచూసి, అవసరమైతే మళ్లీ ఫోను చేసి నిర్ధారించుకుంటాడు. అనువాదకుడు దానిని శ్రోత భాషలోకి తెస్తాడు. బులెటిన్ సంపాదకుడు ఏ వార్త ముందు, ఏది తర్వాత, ఏది ఎన్ని సెకన్లు అన్నది నిర్ణయిస్తాడు. ఆ తర్వాతే న్యూస్‌రీడర్ చేతికి ప్రతి వస్తుంది. శబ్దగ్రహణం, వీడియో ఎడిటింగ్, ప్రసార సాంకేతికత, ఆర్కైవ్ నిర్వహణ, సామాజిక మాధ్యమాల విభాగం వంటివి వీటికి అదనం. గొంతు బాగాలేదని రంగాన్నే వదులుకోనక్కర్లేదు; గొంతు బాగుందన్న ఒక్క కారణంతో రంగంలోకి దూకడమూ సరికాదు.

చెవికి రాసే వాక్యం, కంటికి రాసే వాక్యం ఒకటి కావు. పత్రికలో పాఠకుడు అర్థం కాని వాక్యాన్ని వెనక్కి వెళ్లి చదువుకోగలడు. రేడియో శ్రోతకు ఆ అవకాశం లేదు. అందువల్ల ఎవరు చెప్పారన్నది ముందు, ఏమి చెప్పారన్నది తర్వాత రావాలి. ఒక వాక్యంలో ఒకే విషయం ఉండాలి. పెద్ద అంకెలను చెవికి పట్టేలా చెప్పాలి.

ఇది కేవలం శైలికి సంబంధించిన విషయం కాదు. 2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుంచి భారీగా నీరు వదలడంతో తాపీ నది పొంగి సూరత్ నగరంలో అధిక భాగం నీట మునిగింది. అలాంటి వేళ "ఇన్ని లక్షల క్యూసెక్కుల నీటిని విడుదల చేశారు" అన్న వాక్యం అధికారికి అర్థమవుతుంది. కింది అంతస్తులో ఉన్న కుటుంబానికి మాత్రం నీరు తమ వీధికి వస్తుందా, ఎప్పటిలోగా ఇల్లు ఖాళీ చేయాలి, ఎక్కడికి వెళ్లాలి అన్నది కావాలి. ఆ సమాచారం తనకు అర్థమయ్యే భాషలో సకాలంలో అందడమే ప్రజా ప్రసారం అన్న మాటకు అసలు అర్థం.

ఆకాశవాణిలో ప్రవేశం ఎలా

1990లో రూపొందిన ప్రసార భారతి చట్టం 1997లో అమల్లోకి వచ్చింది. ఆకాశవాణి, దూరదర్శన్ రెండూ ఆ సంస్థ పరిధిలోనే పనిచేస్తున్నాయి. తెలుగులో ప్రాంతీయ వార్తా విభాగాలు హైదరాబాద్, విజయవాడలలో ఉన్నాయి. గుజరాతీ ప్రాంతీయ వార్తలకు అహ్మదాబాద్ ముఖ్య కేంద్రం.

కొత్త పట్టభద్రులకు సాధారణంగా అందుబాటులో ఉండే దారి క్యాజువల్ ప్యానెల్. న్యూస్‌రీడర్ కమ్ ట్రాన్స్‌లేటర్ ప్యానెల్‌కు డిగ్రీ, భాషపై పట్టు, ప్రసారానికి తగిన గొంతు ప్రధాన అర్హతలు. ఇంగ్లిష్ నుంచి తమ భాషలోకి అనువాదం, వర్తమాన వ్యవహారాలపై రాత పరీక్ష, ఆపై స్వర పరీక్ష ఉంటాయి. అనౌన్సర్లు, రేడియో జాకీలకు కూడా రాత పరీక్ష, ఆడిషన్ నిర్వహించి, ఎంపికైనవారికి 'వాణి' పేరిట శిక్షణ ఇస్తారు. జిల్లాల్లో పార్ట్ టైమ్ కరస్పాండెంట్ల నియామకం వేరుగా జరుగుతుంది. వారు సాధారణంగా జిల్లా కేంద్రంలోనో దాని సమీపంలోనో నివసించాలి.

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా తెలుసుకోవాలి. ప్యానెల్‌లో పేరు ఉండటం శాశ్వత ఉద్యోగం కాదు. పిలిచిన రోజుకే పారితోషికం, నెలలో కొన్ని రోజులే పని. దీనినే ఏకైక ఆదాయంగా భావించి ఊరు మారడం ప్రమాదకరం. మరో ఉద్యోగం లేదా చదువు సాగిస్తూ, నైపుణ్యం పెంచుకునే వేదికగా చూస్తే మాత్రం దీనికి సాటి శిక్షణ అరుదు.

స్వర పరీక్షకు సిద్ధమయ్యే సూరత్ తెలుగువారికి ఒక అనుకూలత, ఒక ఇబ్బంది ఉన్నాయి. గుజరాతీలో ఘ, ధ, భ వంటి మహాప్రాణాలు స్పష్టంగా పలుకుతాయి. ణ, ళ కూడా ఆ భాషలో ఉన్నాయి. ఆ అలవాటు తెలుగు ఉచ్చారణకు మేలు చేస్తుంది. అయితే గుజరాతీలో పదాల చివరి అచ్చు లోపించడం సహజం. తెలుగు అజంత భాష. చివరి అచ్చును మింగకుండా పలకడం ప్రత్యేకంగా సాధన చేయాలి. రోజూ ఒక బులెటిన్ విని, అదే పాఠాన్ని బిగ్గరగా చదివి ఫోనులో రికార్డు చేసి పోల్చుకుంటే తేడా కొద్ది వారాల్లోనే చెవికి తెలుస్తుంది.

ప్రైవేటు ఎఫ్ఎం, సామాజిక రేడియో

ప్రైవేటు ఎఫ్ఎం కేంద్రాల్లో వార్తలు స్వయంగా తయారుచేసి ప్రసారం చేయడానికి అనుమతి లేదు. ఆకాశవాణి బులెటిన్లను మార్పు లేకుండా ప్రసారం చేయడానికి మాత్రమే వీలుంది. కాబట్టి పాత్రికేయుడు కావాలనుకునేవారికి ఎఫ్ఎం కేంద్రం గమ్యం కాదు. కార్యక్రమ నిర్మాణం, ప్రకటనల రచన, శబ్ద సంకలనం, అమ్మకాల విభాగాలపై ఆసక్తి ఉన్నవారికి మాత్రం అవి మంచి పాఠశాలలు.

సామాజిక రేడియో మరో దారి. జహీరాబాద్ సమీపంలోని మాచునూరులో 2008లో ప్రారంభమైన సంఘం రేడియోను గ్రామీణ మహిళలే నడిపారు. గుజరాత్‌లో 'సేవ' సంస్థ 2009లో రుడి నో రేడియోను ప్రారంభించింది. వీటిలో ఆదాయం స్వల్పం. అయితే ఇంటర్వ్యూ చేయడం నుంచి ఎడిటింగ్ వరకు అన్నీ ఒకే చోట నేర్చుకోవచ్చు.

ఏ చదువు, ఎక్కడ

ఏ డిగ్రీ చదివినవారైనా పాత్రికేయ కోర్సుల్లో చేరవచ్చు. సూరత్‌లోనే ఉండి చదవాలనుకునేవారు వీర్ నర్మద్ దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయాన్ని పరిశీలించవచ్చు. అహ్మదాబాద్‌లో గుజరాత్ విద్యాపీఠ్, ఢిల్లీలో 1965లో స్థాపితమైన భారతీయ జనసంచార సంస్థ ఉన్నాయి. తెలుగు వైపు ఉస్మానియా, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో జర్నలిజం, కమ్యూనికేషన్ విభాగాలు ఉన్నాయి. పత్రికా సంస్థలు నడిపే శిక్షణ పాఠశాలలు భృతి ఇస్తూ నేర్పుతాయి. ప్రతిగా కొంతకాలం ఆ సంస్థలోనే పనిచేయాలన్న షరతు ఉండవచ్చు. చేరేముందు ఆ ఒప్పందాన్ని పూర్తిగా చదవాలి.

కలంతో బతకగలరా

ఈ ప్రశ్న సూరత్‌కు కొత్తది కాదు. 1833లో ఆ నగరంలో పుట్టిన కవి నర్మద్ 1858లో ఉపాధ్యాయ ఉద్యోగాన్ని వదిలి, రచనపైనే బతుకుతానని నిశ్చయించుకున్నాడు. 1864లో 'డాండియో' పత్రికను ప్రారంభించి సంఘ సంస్కరణ కోసం పోరాడాడు. దాదాపు 24 ఏళ్లు ఆ మాటకు కట్టుబడి, చివరికి ఆర్థిక ఇబ్బందుల వల్ల 1882లో మళ్లీ ఉద్యోగంలో చేరాడు. ఆధునిక గుజరాతీ సాహిత్యానికి ఆద్యుడిగా ఆయనను నేటికీ గౌరవిస్తున్నారు. నగరంలోని విశ్వవిద్యాలయం ఆయన పేరే పెట్టుకుంది. ఆ జీవితం రెండు సంగతులను కలిపి చెబుతుంది: పని విలువ వేరు, నెల ఖర్చు వేరు. రెండింటికీ ముందే లెక్క వేసుకోవాలి.

నేటి పాత్రికేయుడికి చట్టపరమైన అండ కొంత ఉంది. 1955 నాటి శ్రామిక పాత్రికేయుల చట్టం ప్రధానంగా పత్రికలకు, వార్తా ఏజెన్సీలకు వర్తించేది. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల స్మృతి ఎలక్ట్రానిక్ మాధ్యమాల్లోని పాత్రికేయులను కూడా నిర్వచనంలో చేర్చింది. నియామక పత్రం ఇవ్వడం యజమాని బాధ్యత అని కూడా ఆ స్మృతి పేర్కొంది. అందుకే ఉద్యోగంలో చేరేవారు జీతం ఎంత అన్న దానితో పాటు మరికొన్ని సంగతులు అడగాలి. నియామక పత్రం ఇస్తారా? భవిష్య నిధి ఉందా? రాత్రి విధులకు రవాణా సదుపాయం ఉందా? విలేకరి నుంచి ప్రకటనల సేకరణ కూడా ఆశిస్తారా? చివరి ప్రశ్నకు అవునని సమాధానం వస్తే అక్కడ వార్తకు, వ్యాపారానికి మధ్య గీత చెరిగిపోయిందని గ్రహించాలి.

నిర్ణయానికి ముందు

కళాశాలలో ఉండగానే కొన్ని పనులు మొదలుపెట్టవచ్చు. తెలుగు చదవడం, రాయడం, టైపు చేయడం వేగంగా రావాలి. మాట్లాడే తెలుగు ఒక్కటే డెస్క్‌కు సరిపోదు. సొంత పేటలోని విషయాలపై, అంటే మరమగ్గాల కార్మికుల పని గంటలు, తెలుగు మాధ్యమ పాఠశాలలు, వానకాలంలో నీరు నిలిచే వీధుల వంటి వాటిపై, మూడు నాలుగు నిమిషాల శబ్ద కథనాలు తయారుచేసి దాచుకోవాలి. ఇంటర్వ్యూలో ధ్రువపత్రాలకన్నా ఇవే ఎక్కువ మాట్లాడతాయి.

కుటుంబంతో చర్చించేటప్పుడు గడువు పెట్టుకోవడం మేలు. ఒక ఏడాదో, రెండేళ్లో ప్రయత్నించి, ఆలోగా నియామక పత్రంతో కూడిన పని దొరకకపోతే మరో ఉద్యోగంలో స్థిరపడి క్యాజువల్ ప్యానెల్ ద్వారా రంగంతో సంబంధం నిలుపుకోవచ్చు. అనువాదం, ఉపశీర్షికల రచన, కంపెనీల సమాచార విభాగాలు వంటి చోట్ల కూడా ఇదే నైపుణ్యం పనికొస్తుంది. గడువు, ఖర్చు, ప్రత్యామ్నాయం మూడూ కాగితంపై ఉంటే, తల్లిదండ్రులు అడిగే ప్రశ్నకు ఆవేశంతో కాకుండా లెక్కతో సమాధానం చెప్పే వీలు కలుగుతుంది.