దోషాన్వేషకుల శ్రమ: వీడియో గేమ్ టెస్టర్ల స్థితి, ఎర్రగుంట్ల కాంట్రాక్టు శ్రామికులతో పోలిక

వీడియో గేమ్ విడుదలకు ముందు దానిలోని లోపాలను పట్టే ఉద్యోగిని క్వాలిటీ అష్యూరెన్స్ టెస్టర్ అంటారు. ఈ పనిని ఆటగా భావించడం పొరపాటు. ఒకే సన్నివేశాన్ని వందలసార్లు నడిపి, బగ్ ఏ మెట్టులో పుడుతున్నదో గుర్తించి, మరొకరు దానిని తిరిగి రప్పించగలిగేంత స్పష్టంగా నివేదిక రాయాలి. సరిదిద్దిన తర్వాత మళ్ళీ మొదటి నుంచి పరీక్షించాలి. అయినా పరిశ్రమలో ఇది అడుగుమెట్టు ఉద్యోగంగానే మిగిలింది. వేతనం తక్కువ, కాంట్రాక్టు స్వల్పకాలికం. విడుదల దగ్గరపడితే పనిగంటలకు హద్దుండదు. గేమ్ చివర వేసే పేర్ల పట్టికలో టెస్టర్ల పేర్లు గల్లంతవడమూ ఉంది. (ఎర్రగుంట్ల మండలంలోని కలమళ్ళ శాసనాన్ని ఎరిగిన పరిశోధకులకు ఇది వింత కాదు, రాజు పేరు నిలిచిన ప్రతి రాతి మీదా చెక్కినవాని పేరు నిలవదు.)

2021 డిసెంబరులో అమెరికాలోని రేవెన్ సాఫ్ట్‌వేర్ పన్నెండు మంది టెస్టర్ల కాంట్రాక్టులను ముగించింది. సహోద్యోగులు పని మానేశారు. 2022 మేలో 19–3 ఓట్లతో సంఘం ఏర్పడింది. దానికి ముందే, ఏప్రిల్‌లో, మాతృసంస్థ యాక్టివిజన్ సుమారు 1,100 మంది తాత్కాలిక టెస్టర్లను శాశ్వతం చేసి, గంటకు కనీసం 20 డాలర్లు ప్రకటించింది. అయితే వేతన పెంపు రేవెన్ టెస్టర్లకు వర్తించదని, అందుకు కార్మిక చట్టమే కారణమని చెప్పింది. అడిగినవారిని విడిచి అడగనివారికి ఇచ్చిన ఈ పెంపును ఔదార్యమనడం కష్టం. 2023లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ లూసియానాలో రెండువందలకు పైగా టెస్టర్లను తొలగించింది. ఆ సంస్థకు హైదరాబాదులోనూ స్టూడియో ఉంది. ఇడుపులపాయ, పులివెందుల, ప్రొద్దుటూరు ఇంజనీరింగు కళాశాలల పట్టభద్రులకు హైదరాబాదు, బెంగళూరు సాఫ్ట్‌వేర్ రంగంలో టెస్టింగు సుపరిచితమైన ప్రవేశద్వారం.

ఎర్రగుంట్ల పరిసరాల్లో కాంట్రాక్టు శ్రమ కొత్త మాట కాదు. చిలంకూరు, ఎర్రగుంట్ల సిమెంటు కర్మాగారాలు, 1,650 మెగావాట్ల రాయలసీమ తాప విద్యుత్ కేంద్రం ఉన్న ప్రాంతమిది. సమాన పనికి సమాన వేతనం, క్రమబద్ధీకరణ రాష్ట్ర విద్యుత్ రంగ కాంట్రాక్టు కార్మికుల చిరకాల కోర్కెలు. 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టం పదో సెక్షన్ వారికి కొన్ని గీటురాళ్ళనిచ్చింది. పని ఆ పరిశ్రమకు అవసరమా? ఏడాది పొడవునా సాగేదా? సాధారణంగా శాశ్వత కార్మికులు చేసేదా? పూర్తికాలపు కార్మికులకు సరిపడేంత ఉందా? బూడిద, బొగ్గు పనుల వలెనే గేమ్ టెస్టింగు కూడా ఈ ప్రశ్నలకు నిలబడుతుంది. నేటి ఆన్‌లైన్ గేమ్ విడుదలతో ముగియదు. ప్రతి కొత్త భాగానికీ పరీక్ష కావాలి. కనుక తాత్కాలికమన్నది పని స్వభావం కాదు, నియామకపు స్వభావం మాత్రమే.

అయితే చట్టం అంతదూరం నడవలేదు. కాంట్రాక్టు విధానాన్ని నిషేధించినా కార్మికులు వాటంతటవే ప్రధాన యజమాని ఉద్యోగులు కారని 2001లో స్టీల్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. 2003 నాటి ఆంధ్రప్రదేశ్ సవరణ, ఆ తర్వాత 2020 నాటి వృత్తి భద్రత కోడ్ ‘ప్రధాన కార్యకలాపం’లో కాంట్రాక్టు శ్రమను నిషేధిస్తూనే, నిర్ణీత గడువులో ముగించవలసిన పని హఠాత్తుగా పెరిగినప్పుడు మినహాయింపునిచ్చాయి. విడుదలకు ముందరి నెలలను గేమ్ సంస్థలు వర్ణించేది సరిగ్గా ఈ మాటలతోనే.