గస్తీ బండి వాడ దాకా రావాలి

బోధన్ పరిసరాల్లోని చెరుకు ఊళ్లకు వానాకాలంలో వెళ్లినవారికి నల్లరేగడి బురద గురించి వేరే చెప్పనక్కరలేదు. మంచి రోడ్డు ఊరి నడిబొడ్డు వరకే ఉంటుంది. అక్కడి నుంచి వాడకో, ఆవలి తండాకో పోయే దారి కొన్నిచోట్ల ఇప్పటికీ బండ్లబాటే. కొన్నేళ్ల క్రితం విద్యార్థులతో కలిసి మంజీర ఒడ్డున ఒక ఊరికి క్షేత్ర అధ్యయనానికి వెళ్లాను. "పోలీసులు గస్తీకి వస్తారా అమ్మా?" అని మాదిగవాడలో ఒక పెద్దావిడను అడిగాను. "బండి వస్తది సారూ. కమిటీ ఇంటికాడ ఆగుతది, చాయ్ తాగుతరు, పోతరు. మా దిక్కు రాదు" అన్నది.

ఆమె చెప్పిన 'కమిటీ' గ్రామాభివృద్ధి కమిటీ. నిజామాబాద్ జిల్లాలో ఈ కమిటీల తీర్పులు, జరిమానాలు, సాంఘిక బహిష్కరణల వార్తలు పత్రికా పాఠకులకు కొత్త కావు. చట్టం గుర్తించిన పంచాయతీ వేరు, ఊరిని నడిపించే కమిటీ వేరు. బహిష్కరణకు గురైన కుటుంబానికి కిరాణా కొట్టు సరుకు ఇవ్వదు, కూలికి ఎవరూ పిలవరు. ఆ తీర్పు ఏ ఇంట్లో వెలువడుతుందో ఆ ఇంటి ముందే గస్తీ వాహనం ఆగితే, వాడవాళ్లు ఫిర్యాదు ఎవరికి చేయాలి?

ఈ ప్రశ్న అడిగినప్పుడల్లా అధికారుల నుంచి రెండు సమాధానాలు వస్తుంటాయి: దారి లేదు, నిధులు లేవు. రెండింటినీ చరిత్ర ముందు నిలబెట్టి చూడాలి.

మొదట దారి సంగతి. నక్సలైటు ఉద్యమ కాలంలో సిరికొండ, ధర్పల్లి వంటి అటవీ అంచు మండలాల తండాలకు పోలీసు జీపులు అర్ధరాత్రి కూడా వెళ్లాయి. గుడుంబా దాడులకు వెళ్లేవారికి ఏ బురదా అడ్డం రాలేదు. అంటే వాడకు, తండాకు దారి రాజ్యానికి ఎప్పుడూ తెలుసు. అక్కడివారిని నిందితులుగా వెతికేటప్పుడు కనిపించే దారి, వారే రక్షణ కోరేటప్పుడు కనిపించకుండా పోతుంది.

ఇక నిధులు. రాజ్యాంగం ప్రకారం పోలీసు వ్యవస్థ రాష్ట్ర జాబితాలోనిదైనా, రాష్ట్ర పోలీసు బలగాల ఆధునికీకరణకు కేంద్రం దశాబ్దాలుగా గ్రాంటు ఇస్తోంది. వాహనాల కొనుగోలు ఒకప్పుడు అందులో ముఖ్యభాగం. 2021-26 కాలానికి కేంద్రం ఆమోదించిన రూ.26,275 కోట్ల పథకంలో రాష్ట్ర పోలీసు ఆధునికీకరణకు రూ.4,846 కోట్లు, వామపక్ష తీవ్రవాద ప్రాంతాలకు రూ.8,689 కోట్లు కేటాయించారు. ఉమ్మడి నిజామాబాద్ జిల్లా ఒకప్పుడు ఆ తీవ్రవాద ప్రభావిత జాబితాలో ఉండేది. 2018 ఏప్రిల్‌లో ఆ జాబితాను 126 జిల్లాల నుంచి 90కి కుదించినప్పుడు నిజామాబాద్ బయటకు వచ్చింది. అడవి నుంచి రాజ్యానికి ముప్పు తగ్గిందని లెక్క తేలింది. ఊరి నుంచి వాడకున్న ముప్పును ఆ జాబితా ఎన్నడూ లెక్కించలేదు.

ఆ ముప్పును లెక్కించాలని చెప్పే చట్టం మనకు ఉంది. 1989 నాటి షెడ్యూల్డ్ కులాలు, తెగల అత్యాచారాల నిరోధక చట్టం కింద 1995లో వచ్చిన నియమాల్లో మూడవది నివారణ చర్యల గురించి. అత్యాచారం జరిగే అవకాశమున్న ప్రాంతాలను ప్రభుత్వం ముందుగానే గుర్తించాలి, జిల్లా మేజిస్ట్రేట్‌ను, ఎస్పీని అక్కడికి పంపి శాంతిభద్రతలను సమీక్షించాలి, అవసరమైతే ప్రత్యేక బలగాలను మోహరించాలి. చట్టం అమలు ఖర్చులో రాష్ట్రాలకు సగం భరించే కేంద్ర పథకం కూడా ఉంది. ఎస్సీ, ఎస్టీ రక్షణ విభాగాలు, ప్రత్యేక పోలీస్ స్టేషన్లు, ప్రత్యేక న్యాయస్థానాలు దాని పరిధిలోకి వస్తాయి. సాంఘిక బహిష్కరణను నేరంగా ప్రకటించాలని అంబేడ్కర్ 1947లోనే 'రాష్ట్రాలు - అల్పసంఖ్యాకులు' విజ్ఞాపనలో కోరారు. ఈ చట్టంలో అది స్పష్టమైన నేరంగా చేరి అమల్లోకి వచ్చింది 2016 జనవరి 26న. అరవై తొమ్మిదేళ్లు పట్టింది.

పోలీసులు ఉంటే చాలు రక్షణ ఉన్నట్టేనని నేను అనడం లేదు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపినప్పుడు ఆ ఊళ్లో పోలీసులు ఉన్నారు. పోలీసు ఎవరి పక్కన నిలబడతాడు, ఎవరి మాట వింటాడు అన్నదే అసలు ప్రశ్న. కొత్త వాహనం ఇస్తే పాత అలవాటు మారదు. గస్తీ ఎక్కడ ఆగాలో, ఎవరితో మాట్లాడాలో ముందే నిర్ణయించకుండా ఇచ్చే గ్రాంటు కమిటీ ఇంటికి ఇంకాస్త వేగంగా చేరడానికే పనికొస్తుంది.

అందుకే గ్రాంటుకు షరతులు ఉండాలి. గుర్తించిన ప్రాంతాల జాబితాను ప్రతి జిల్లా బహిరంగంగా ప్రకటించాలి. ఆధునికీకరణ నిధులతో కొనే వాహనాల్లో కొంత భాగాన్ని ఆ ఊళ్లకే కేటాయించాలి. నల్లరేగడిలో పెద్ద బండి దిగబడే చోట మోటారు సైకిళ్లు ఇవ్వాలి, అదీ సాగనిచోట కానిస్టేబుల్ నడిచి వెళ్లాలి. గస్తీ బండి ఎక్కడెక్కడ ఆగిందో చెప్పే రికార్డును, మూడు నెలలకోసారి సమావేశం కావాల్సిన జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ ముందు పెట్టాలి. నెలనెలా జరిపే పౌరహక్కుల దినాన్ని వాడలోనే జరపాలి, అక్కడి స్త్రీలు మాట్లాడేదాకా అధికారులు కూర్చోవాలి. విధి నిర్వహణలో ఉద్దేశపూర్వకంగా నిర్లక్ష్యం చూపిన అధికారిని శిక్షించే నాలుగో సెక్షన్ చట్టంలో ఉందని స్టేషన్లకు గుర్తుచేయాలి.

వీటిలో దేనికీ కొత్త చట్టం అక్కర్లేదు. విద్యార్థులు తమ జిల్లాలో గుర్తించిన ప్రాంతాల జాబితాను సమాచార హక్కు కింద అడగవచ్చు. శాసనసభ్యులు పోలీసు పద్దుపై చర్చలో వాహనాల సంఖ్యతో పాటు అవి ఆగిన చోట్లనూ అడగాలి. మంజీర ఒడ్డున ఆ పెద్దావిడ నాకు చెప్పింది రెండు మూడు వాక్యాలే. రాష్ట్ర పోలీసు ఖర్చును తనిఖీ చేయడానికి అంతకన్నా మంచి కొలమానం నాకింతవరకూ దొరకలేదు: బండి మా దిక్కు వచ్చిందా, రాలేదా?