ఇనుముకు కావలి తుత్తునాగం

బావి దగ్గర వాడే జి.ఐ. బకెట్‌ను ఎప్పుడైనా పరీక్షగా చూశారా? గట్టుకు ఒరుసుకుని దాని మీద ఎన్నో గీతలు పడతాయి. అయినా ఆ గీతల్లో చాలాకాలం తుప్పు కనిపించదు. అదే తగరపు డబ్బా మీద గీత పడి, నాలుగు రోజులు వానలో తడిస్తే చాలు, గీత వెంట ఎర్రగా తుప్పు తేలుతుంది. రెండింటిలోనూ లోపల ఉన్నది ఇనుమే. బకెట్‌కు తుత్తునాగం, అంటే జింకు పూత. డబ్బాకు తగరం పూత. మరి ఈ తేడా ఎందుకు?

ముందు తుప్పు సంగతి చూద్దాం. లోహ పరమాణువులలో వెలుపలి ఎలక్ట్రానులు వదులుగా ఉంటాయి. ఇనుప ముక్కలో అవి పరమాణువులన్నిటికీ ఉమ్మడి ఆస్తిలా తిరుగుతూ వాటిని కలిపి ఉంచుతాయి. ఇదే లోహబంధం. ఇనుము తడిసినప్పుడు కొన్ని పరమాణువులు తమ ఎలక్ట్రానులను లోహంలోనే విడిచి, ధనావేశం గల అయానులుగా నీటిలోకి దిగుతాయి. ఆ ఎలక్ట్రానులను నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్ అందుకుంటుంది. చివరకు ఇనుము, ఆక్సిజన్, నీరు కొత్త బంధాలతో కలిసి ఎర్రటి తుప్పుగా మారతాయి. తుప్పు గుల్లగా ఉండి పెచ్చులుగా రాలిపోతుంది. కనుక అడుగున ఉన్న ఇనుమును కాపాడలేదు.

ఎలక్ట్రానులను వదులుకోవడంలో లోహాలన్నీ ఒకటి కావు. బాగా చురుకైన వాటితో మొదలుపెట్టి ఇలా వరుసగా రాయవచ్చు: మెగ్నీషియం, అల్యూమినియం, తుత్తునాగం, ఇనుము, తగరం, సీసం, రాగి, వెండి, బంగారం. దీనినే చర్యాశీలత శ్రేణి అంటారు.

జవాబు ఈ వరుసలోనే ఉంది. తుత్తునాగం ఇనుముకు ముందుంది. గీత పడినచోట రెండు లోహాలూ ఒకే తడిలో ఉన్నప్పుడు తుత్తునాగమే ముందుగా ఎలక్ట్రానులను ఇచ్చి, తాను కరిగిపోతుంది. ఇనుము నిలుస్తుంది. తగరం ఇనుముకు తరువాత ఉంది. అక్కడ ఇనుమే ఇవ్వవలసి వస్తుంది. పైగా ఆ భారమంతా సన్నని గీత మీదే పడుతుంది. అందుకే అక్కడ తుప్పు త్వరగా పడుతుంది.

అలాగైతే ఆహారపు డబ్బాలకు కూడా తుత్తునాగమే పూయవచ్చు కదా అంటారా? పుల్లని పదార్థాలలో అది సులభంగా కరిగి ఆహారంలో చేరుతుంది. జి.ఐ. బకెట్‌లో పులుసు, మజ్జిగ నిలవ ఉంచకూడదు అనేది ఇందుకే.

ఈ రక్షణ ఉపాయాన్ని 1824లో హంఫ్రీ డేవీ బ్రిటిష్ ఓడల మీద ప్రయోగించాడు. ఆ కాలంలో కొయ్య ఓడల అడుగున రాగి రేకులు తొడిగేవారు. సముద్రపు ఉప్పునీటికి రాగి తినిపోయేది. డేవీ ఆ రేకులకు ఇనుము, తుత్తునాగం ముక్కలు తగిలించాడు. రాగి చెక్కుచెదరలేదు! కాని ఓడల అడుగున నాచు, గుల్లలు దట్టంగా పట్టి వాటి వేగం తగ్గింది. అంతకుముందు కొద్దికొద్దిగా కరిగే రాగే వాటికి విషమై దరిచేరనివ్వలేదన్నమాట. కొన్నేళ్లకే ఆ పద్ధతి మానుకున్నారు. అయితే అదే ఉపాయం ఉక్కు ఓడలకు వరమైంది. నేటికీ ఓడల అడుగున తుత్తునాగపు దిమ్మలు, భూమిలో పాతిన ఉక్కు గొట్టాలకు మెగ్నీషియం దిమ్మలు అమరుస్తారు. అవి అరిగిపోగానే కొత్తవి పెట్టాలి. ఆలస్యమైతే తరువాతి వంతు ఉక్కుదే.

మీరూ పరీక్షించండి. మూడు ఇనుప మేకులను గరుకు కాగితంతో రుద్ది శుభ్రం చేయండి. ఒకదానికి రాగి తీగ, రెండవదానికి బడి ప్రయోగశాలలో దొరికే తుత్తునాగపు రేకు బిగుతుగా చుట్టండి. మూడవది అలాగే ఉంచండి. మూడింటినీ వేరువేరు గాజు గ్లాసుల్లో ఉప్పునీటిలో వేసి వారం రోజులు గమనించండి. ఏ మేకు ముందుగా తుప్పు పడుతుందో, ఏది నిలుస్తుందో శ్రేణి చూసి ముందే కాగితం మీద రాసుకోండి. అరిగిన బకెట్ అడుగున చివరకు తుప్పు ఎందుకు పడుతుందో కూడా ఇక మీరే చెప్పగలరు.