తెలుగు భయానక చిత్రంలో ఫౌండ్ ఫుటేజ్: ఇతివృత్తం, రూపం

మరణించిన లేదా అదృశ్యమైన పాత్రలు చిత్రీకరించగా మిగిలిన దృశ్యాలుగా కథను చూపే పద్ధతిని ఫౌండ్ ఫుటేజ్ అంటారు. ‘ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్’ (1999)తో ఇది ప్రాచుర్యం పొందింది. ‘గ్రేవ్ ఎన్‌కౌంటర్స్’ (2011)లో పాడుబడిన మానసిక వైద్యశాలలో ప్రవేశించిన దయ్యాల వేట కార్యక్రమ బృందం కెమెరాలే ప్రేక్షకుని కళ్లు. కెమెరాకు అందనిది ప్రేక్షకునికీ అందదు. భయానికి మూలం ఆ పరిమితే.

ఓంకార్ దర్శకత్వంలోని ‘రాజు గారి గది’ (2015) ఇతివృత్తం దీనికి సన్నిహితం. దయ్యాలున్నాయని పేరుపడిన భవనం, అందులో టీవీ రియాలిటీ షో, ఏడుగురు పోటీదారులు. అయితే ఇక్కడ ఆ షో కెమెరా కథలో భాగమే గాని కథకుడు కాదు. దానికి వెలుపలి దృశ్యాలనూ ప్రేక్షకుడు చూస్తాడు. హాస్యం, నేపథ్య సంగీతం అతని స్పందనను నడిపిస్తాయి. కనుక దీనిని ఫౌండ్ ఫుటేజ్‌గా వర్గీకరిస్తే ఇతివృత్తాన్నే రూపంగా పొరబడినట్లవుతుంది.

ఈ భేదాన్ని ప్రదర్శనా సంస్కృతితోనూ అన్వయించవచ్చు. సూళ్లూరుపేటలో 2019లో ప్రారంభమైన వి ఎపిక్ థియేటర్ తెర వెడల్పు సుమారు 100 అడుగులు. అటువంటి తెర ఆశించేది దృశ్య విస్తృతిని. ఫౌండ్ ఫుటేజ్ కోరేది దృష్టి సంకోచాన్ని. తెలుగు చిత్రం ఇతివృత్తాన్ని స్వీకరించి రూపాన్ని విడిచిపెట్టడానికి ఈ వైరుధ్యాన్ని ఒక కారణంగా పరిశీలించవలసి ఉంది.