షరతులో దాగిన దోపిడీ

దోపిడీని చిత్రించడమంటే దోపిడీదారు దుర్మార్గాన్ని చిత్రించడమేనా? ఈ ప్రశ్నకు అమెరికా కార్ల వ్యాపారం నుంచి ఒక ఉదాహరణ తీసుకుంటాను.

కొనుగోలుదారు అప్పుపత్రం మీద సంతకం చేసి, కారు ఇంటికి తెచ్చుకుంటాడు. కొద్ది రోజులకు డీలరు కబురు చేస్తాడు: అప్పు మంజూరు కాలేదు, కొత్త పత్రం రాయాలి. అందులో వడ్డీ పెరుగుతుంది, లేదా ముందు కట్టే రొక్కం పెరుగుతుంది. కాదంటే బెదిరింపులు. మారకానికి ఇచ్చిన పాత కారు అప్పటికే అమ్మేశామంటారు. దీన్ని అక్కడ 'యోయో ఫైనాన్సింగ్' అంటారు. వదిలినట్టే వదిలి వెనక్కి లాగడమన్నమాట.

దీని ఆర్థిక మూలమేమిటి? డీలరు అప్పుపత్రాన్ని తన పేర రాయించుకుని ఫైనాన్సు కంపెనీకి అమ్ముతాడు. కంపెనీ కోరే వడ్డీ కన్నా ఎక్కువ రాయిస్తే ఆ తేడాలో అతనికి వాటా ఉంటుంది. కంపెనీ పత్రం కొనకపోతే అమ్మకం రద్దన్న షరతు ముందే పెట్టుకుంటాడు. సంతకాలు ఇద్దరివీ, కట్టుబడవలసింది మాత్రం కొన్నవాడు.

ఈ పద్ధతిపై 2016లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ లాస్ ఏంజెలెస్‌లోని 9 డీలరు సంస్థల మీద కేసు పెట్టింది. 2017లో అవి 36 లక్షల డాలర్లకు పైగా చెల్లించి రాజీపడ్డాయి. అయితే కార్ల అమ్మకంలో మోసాలపై అదే కమిషన్ 2023లో చేసిన నిబంధనలను 2025 జనవరిలో అప్పీలు కోర్టు కొట్టివేసింది.

మన కథల్లో వడ్డీవ్యాపారి క్రూరుడుగానే కనిపిస్తాడు. ఈ డీలరు మర్యాదస్తుడే కావచ్చు. అయినా షరతు తన పని తాను చేస్తుంది. పాత్ర గుణగణాల దగ్గరే ఆగిపోయే వాస్తవికత ఆ షరతును పట్టుకోలేదని నా అభిప్రాయం.