బంతి ఎగిరింది సరే.. మిగతా శక్తి ఏమైంది?

'టెన్నిస్ బంతిని వదిలితే మళ్లీ అంతే ఎత్తుకు ఎందుకు లేవదు?' కోర్ ఇంటర్వ్యూలో ఇలాంటి ప్రశ్న పడితే చాలామంది 'ఎనర్జీ లాస్ సార్' అని ఆగిపోతారు. ఎంత లాస్? ఎక్కడికి పోయింది? అసలు పరీక్ష అక్కడే మొదలవుతుంది.

లెక్క చూద్దాం. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య నిబంధనల ప్రకారం మామూలు (టైప్-2) బంతిని 254 సెం.మీ. ఎత్తు నుంచి గట్టి నేల మీద వదిలితే 135-147 సెం.మీ. లేవాలి. గాలి ప్రభావాన్ని పక్కన పెడితే ఎత్తుల నిష్పత్తే శక్తి నిష్పత్తి. అంటే తిరిగొచ్చేది 53-58 శాతమే! దాని వర్గమూలం 0.73-0.76. ఇదే కోఎఫిషియెంట్ ఆఫ్ రెస్టిట్యూషన్, అంటే వేగాల నిష్పత్తి.

మిగతాది? నేలను తాకిన కొన్ని మిల్లీసెకన్లలో రబ్బరు నొక్కుకుని మళ్లీ విచ్చుకుంటుంది. పోయిన శక్తిలో ఎక్కువ భాగం అక్కడే వేడిగా మారుతుంది. ఇంకో మాట: బంతి ఎంత వేగంగా తాకితే ఈ విలువ అంత తగ్గుతుంది. అది స్థిరాంకం కాదు.

మొబైల్ డ్రాప్ టెస్ట్‌లోనూ, కారు బంపర్ డిజైన్‌లోనూ అడిగేది ఇదే.. దెబ్బ తగిలినప్పుడు శక్తి ఎటు పోతోంది?

ఓ బంతి, టేపు, ఫోన్‌లో స్లో మోషన్ చాలు. ఒక మీటరు, రెండు మీటర్ల నుంచి వదిలి కొలవండి. ఇంటర్వ్యూలో 'చదివాను' కంటే 'కొలిచి చూశాను' అన్న మాటకే బరువెక్కువ.